ఆపద వస్తే పగలు పోతాయా? అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో కౌన్సెలింగ్ చేస్తాను. 2020లో, కొవిడ్ రోజుల్లో, నెలల తరబడి ఫోన్లో విన్న మాటల్లో జబ్బు భయం ఎంతుందో, పక్క వీధి వాళ్ల మీద కోపం కూడా అంతే ఉండేది.

అపోహ: ప్రాణాల మీదికి వస్తే పాత పగలు వాటంతటవే పోతాయి.

వాస్తవం: కొన్నాళ్లు ఆగుతాయి, అంతే. 2020 మార్చి 23న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ అన్ని దేశాల్లోనూ కాల్పులు ఆపమని కోరారు. కొలంబియాలో ప్రభుత్వంతో పోరాడే ఈఎల్ఎన్ గెరిల్లాలు ఏప్రిల్ నెలకు కాల్పుల విరమణ ప్రకటించారు. నెల తిరిగాక పొడిగించలేదు.

అపోహ: అంటురోగం వచ్చిందంటే ద్వేషం తప్పదు, మనిషి నైజమే అంత.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే నమ్మకం ఇదే. 1349లో స్ట్రాస్‌బర్గ్‌లో యూదులు బావుల్లో విషం కలిపారంటూ వందల మందిని కాల్చి చంపారు. అప్పటికి ఆ ఊళ్లోకి ప్లేగు రానేలేదు, పుకారు ముందొచ్చింది. 1918 ఫ్లూ మన దేశంలోనే కోటి మందికి పైగా పొట్టన పెట్టుకుంది, అయినా నేరం ఒక వర్గం మీద మోపి అలా ఊచకోత కోయలేదు. జబ్బు కంటే, 'తెచ్చింది ఫలానా వాళ్లు' అన్న మాటకే బలమెక్కువ.

ఢిల్లీ మర్కజ్‌లో జరిగిన తబ్లిగీ జమాత్ అనే ముస్లిం సంస్థ సమావేశం నుంచి కరోనా పాకిందన్న వార్తలు వచ్చిన వారం మా వీధిలో చూశాను. ఏళ్ల తరబడి తోపుడుబండి మీద కూరగాయలు తెచ్చే ఆయన్ను ఒకావిడ కొత్తగా అడిగింది: "నీ పేరేమప్పా?" పేరు విని, గిన్నెలో పోయించుకున్న టమాటాలను తిరిగి బండిలో పోసేసింది. ఆయన మాస్కు పైకి లాక్కుని తక్కెడ సర్దుకున్నాడు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్, మర్కజ్‌కు వచ్చిన విదేశీయులను బలిపశువులను చేసినట్టుందని రాసింది. ఆ సంగతి ఆవిడ గేటు దాకా రాలేదు.

కేసులు తగ్గితే భయం తగ్గుతుంది. 'వీళ్లను ముట్టుకుంటే అంటుకుంటుంది' అన్న ఏవగింపు అంత తేలిగ్గా పోదు. మన ఊళ్లలో 'అంటు' అన్న మాట ఎవరెవరిని ఊరి బయట ఉంచిందో తెలుసు కాబట్టే, 'సామాజిక దూరం' వద్దు, 'భౌతిక దూరం' అనండని అప్పట్లో అందరినీ బతిమాలేదాన్ని.

అపోహ: ఒకసారి సాయం అందుకుంటే మనసు మారిపోతుంది.

వాస్తవం: తిరుపతిలో కొవిడ్‌తో పోయిన హిందువులకు ముస్లిం యువకులు అంత్యక్రియలు చేశారు. అలా తల్లిని సాగనంపిన ఒక కొడుకు (వివరాలు మార్చాను) ఏడుస్తూ చెప్పాడు: "పాడె మోసినోళ్ల ముఖాలు కూడా చూడలేదు మేడమ్, అందరూ కిట్లలో ఉన్నారు." కాసేపటికి, "వాళ్లు మంచోళ్లు. అందరూ అట్లుంటారా?" అన్నాడు.

ఆ నలుగురినీ మినహాయింపు కింద పక్కన పెట్టేసి, మిగతా వాళ్ల మీద పాత అభిప్రాయం అలాగే ఉంచుకున్నాడు. మనసు మారాలంటే సమానంగా, ఒకే పని మీద, పెద్దల అండతో కలవాలని మనస్తత్వవేత్త ఆల్‌పోర్ట్ 1954లోనే రాశారు. మళ్లీ మళ్లీ కలవాలని నా అనుభవం. వాళ్ల నంబరు కనుక్కోమన్నాను. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు రక్తం కావాలని ఆసుపత్రి నుంచి ఫోనొస్తే ఆ యువకులూ అతనూ ఒకే బండి మీద పోతున్నారు.