గోదావరి కోకో, హైదరాబాద్ చాక్లెట్: నడుమ దూరం ఎలా పెరిగింది?

2025లో కోకో ధర పడిపోయి ఏలూరు, గోదావరి జిల్లాల రైతులు ఆందోళనకు దిగారు. ముందటి ఏడాది కిలో వెయ్యి రూపాయలు దాటి పలికిన ఎండు గింజలకు కంపెనీలు 450, ప్రభుత్వం మరో 50 రూపాయలు కలిపి 500 దక్కేలా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్దుబాటు చేయవలసి వచ్చింది. అవే జిల్లాల గింజలతో చేసిన చాక్లెట్ బార్లు మాత్రం హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఖరీదైన సరుకుగానే అమ్ముడవుతున్నాయి. ఈ దూరం నిన్న మొన్న ఏర్పడింది కాదు.

తీపి చేయడం హైదరాబాద్‌కు కొత్త కాదు. మొలకెత్తిన గోధుమల పాలను పాలు, చక్కెర, నెయ్యితో గంటల తరబడి గరిటె ఆపకుండా ఉడికించి, జాజికాయ, కుంకుమపువ్వు కలిపి దించే జౌజీ హల్వా నాంపల్లిలో నేటికీ దొరుకుతుంది. నాణెం అచ్చు వేసిన బాదం మిఠాయి అష్రఫీ నిజాం కాలం నాటిది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. ఆ తర్వాత కరాచీ బేకరీ, పుల్లారెడ్డి మిఠాయి నగరానికి పేరు తెచ్చాయి. వీటిలో దేనికీ కోకో అవసరం పడలేదు.

పిల్లల చేతికి అందినదీ పాకం బిళ్లే. 1952లో చిత్తూరులో మొదలైన న్యూట్రిన్ మిఠాయి కంపెనీ అందుకు మంచి ఉదాహరణ. చక్కెర, గ్లూకోజ్ ద్రవం దాదాపు 150 డిగ్రీల వరకు మరిగించి అచ్చు పోసిన బిళ్ల కిరాణా కొట్టు సీసాలో ఎండాకాలమంతా చెక్కుచెదరకుండా ఉంటుంది. చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న సుమారు 34 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో శీతల పెట్టె లేని దుకాణదారు చాక్లెట్ జోలికి పోకపోవడంలో వింతేమీ లేదు.

పంట చరిత్ర వేరు. 1965లో క్యాడ్‌బరీ వయనాడ్‌లో కోకో సాగు మొదలుపెట్టించింది. 1980 ప్రాంతంలో ధరలు కూలి కొనేవారు వెనక్కి తగ్గినప్పుడు, వక్క రైతుల సహకార సంస్థ కాంప్కో కొనుగోలుకు ముందుకు వచ్చి, 1986లో కర్ణాటకలోని పుత్తూరులో సొంత చాక్లెట్ కర్మాగారమే పెట్టింది. ఈ వరుసలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఆంధ్రలో కోకో ఆ తర్వాతే, కొబ్బరి, పామాయిల్ తోటల నీడన అంతర పంటగా విస్తరించి దేశంలో మొదటి స్థానానికి చేరింది, కానీ రైతు చేతిలో గింజ తప్ప కర్మాగారం లేకపోయింది. 2016లో శ్రీసిటీలో వచ్చిన పెద్ద చాక్లెట్ కర్మాగారమూ బహుళజాతి సంస్థదే.

తోటకూ బార్‌కూ మధ్య ఉన్న కీలకమైన పని పులియబెట్టడం. తెల్లటి గుజ్జుతో ఉన్న పచ్చి గింజలను చెక్క పెట్టెల్లో పోసి, అయిదారు రోజులు తిరగేస్తూ ఉంటే లోపలి వేడి 45 డిగ్రీలు దాటుతుంది, చేదు తగ్గి వేయించినప్పుడు వచ్చే పరిమళానికి పునాది పడుతుంది. హడావుడిగా ఎండబెట్టిన గింజకు ఆ రుచి ఎన్నటికీ రాదు. హైదరాబాద్‌కు చెందిన మనం చాక్లెట్, 2023లో బంజారాహిల్స్‌లో దుకాణం తెరవడానికి ముందే, ఏలూరు జిల్లా తాడికలపూడిలో ఈ పనికి ఏర్పాట్లు చేసుకుంది. ప్రపంచమంతటా చిన్న తయారీదారులు గింజ రుబ్బడానికి వాడే యంత్రం మన ఇడ్లీ పిండి గ్రైండర్‌కు మార్పులు చేసినదే అన్నది ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషం.

అయినా ఇలాంటి చిన్న తయారీదారులు కొనేది మొత్తం పంటలో కొద్ది భాగమే. మిగతా గింజ పెద్ద కంపెనీలు చెప్పిన ధరకే పోతోంది. పుత్తూరు స్థాయి సహకార కర్మాగారం గోదావరి జిల్లాలకు ఇంకా రాలేదు.