పొలంలో పిల్లలు ఏ చట్టం లెక్కలోకి వస్తారు?

విశాఖ పక్కన ఆనందపురం, పద్మనాభం వైపు పొద్దున్నే పొలాల్లోకి వెళ్తే మీకూ కనపడుతుంది. అమ్మానాన్నలిద్దరూ మడిలో ఉంటారు, చంటిది చెట్టుకి కట్టిన చీర ఉయ్యాలలో ఉంటుంది, ఏడేళ్ళ అక్క ఊపుతూ ఉంటుంది, నాలుగడుగుల్లో గట్టు లేని నేలబావి. ఇంటి దగ్గర చూసుకునేవాళ్ళు లేకే పిల్లల్ని తెచ్చుకుంటారు, కాబట్టి ముందు ఆ తల్లిని తిట్టకండి.

చిక్కు పాతది. 1948 ఫ్యాక్టరీల చట్టం తిరిగే యంత్రానికి రక్షణ ఉండాలంది, పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని పనిలో పెట్టొద్దంది, పొలం జోలికి మాత్రం రాలేదు. అప్పటికి చాలా ఊళ్ళలో పొలమంటే ఎడ్లూ నాగలే కదా. తర్వాత ట్రాక్టర్లు, నూర్పిడి మిషన్లు దిగాయి, 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. అందులోనూ ఆలోచించింది మిషన్ నడిపే కూలీ గురించే, కళ్ళంలో గడ్డి మీద ఆడుకునే పిల్లల గురించి కాదు.

పురుగుమందుల దగ్గరికొచ్చేసరికి నాకు నిజంగా భయం. 1971 రూల్స్ ప్రకారం ప్రతి డబ్బా మీదా రంగు గుర్తు ఉండాలి, ఎరుపైతే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మిగిలిన మందుని కూల్‌డ్రింక్ సీసాలో పోసి చూరులో దోపేస్తే ఆ ఎర్ర గుర్తు ఇంకెక్కడుంది? దాహమేసిన నాలుగేళ్ళ పిల్లాడికి అది కూల్‌డ్రింకే. 2013లో బీహార్‌లో ఛప్రా దగ్గర ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉంది.

2016లో బాలకార్మిక చట్టం మార్చి, ప్రమాదకరమైనవి తప్ప మిగతా సొంత కుటుంబం పనుల్లో బడి అయ్యాక, సెలవుల్లో పిల్లలు సాయం చేయొచ్చన్నారు. రైతు కుటుంబంలో పుట్టినవాళ్ళకి అది సహజంగానే ఉంటుంది, కానీ నాన్న మడిని బురదగా దున్ని దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చున్న పిల్లాడిది పనా, సరదానా? జారితే మాత్రం కింద దమ్ము చక్రాలే ఉంటాయి.

బోర్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో స్పష్టంగానే చెప్పింది, తవ్వేటప్పుడు చుట్టూ కంచె ఉండాలి, పైపుకి మూత బిగించాలి, వదిలేసిన బోరుని మట్టితో పైదాకా పూడ్చాలి అని. ఈ ఎండల్లో మీ వైపు ఎండిపోయిన బోరు ఏదైనా ఉంటే ఒక్కసారి వెళ్ళి చూడండి, దాని మీద ఉన్నది మూతా, లేక గోనెసంచి మీద పెట్టిన రాయా.