‘చెడు రక్తం’ నుంచి 50 నిమిషాల మాట దాకా

అమెరికాలో సుఖవ్యాధుల క్లినిక్‌కి వచ్చిన నల్లజాతి యువకుడికి కండోమ్ గురించి చెప్పడం తేలికే. నమ్మించడమే కష్టం. ఆ అపనమ్మకానికి ఊరూ పేరూ ఉన్నాయి.

1932లో అలబామా రాష్ట్రం మేకన్ కౌంటీలో ప్రభుత్వ ప్రజారోగ్య విభాగం 600 మంది నల్లజాతి పురుషులను చేరదీసింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి. జబ్బు పేరు చెప్పకుండా ‘చెడు రక్తం’ అన్నారు. భోజనం పెడతామని, అంత్యక్రియల ఖర్చు భరిస్తామని ఆశ చూపారు. 1940ల్లో దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చినా ఇవ్వకుండా, జబ్బు ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. 1972లో పత్రికలు బయటపెట్టాకే అది ఆగింది. అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పింది 1997 మే 16న. తాతల నాటి సంగతే అయినా, మనవడు క్లినిక్ మెట్లెక్కేటప్పుడు అది గుర్తుకు రావడంలో తప్పేముంది?

కౌన్సెలింగ్‌తో ఫలితం ఉంటుందని 1998లో ‘ప్రాజెక్ట్ రెస్పెక్ట్’ అనే అధ్యయనం చూపింది. 5 క్లినిక్‌లలో ఒక్కొక్కరితో 20 నిమిషాల చొప్పున రెండుసార్లు మాట్లాడితే 6 నెలల్లో కొత్త సుఖవ్యాధులు దాదాపు 30 శాతం తగ్గాయి.

నల్లజాతి యువకుల కోసమే రూపొందిన కౌన్సెలింగ్ కార్యక్రమం ‘ఫోకస్ ఆన్ ద ఫ్యూచర్’. దాని ఫలితాలు 2009లో వచ్చాయి. అప్పుడే సుఖవ్యాధి బయటపడిన 18-29 ఏళ్ల వాళ్లు 266 మంది అందులో పాల్గొన్నారు. మాట్లాడింది డాక్టరు కాదు, వాళ్ల వాడే అనిపించే నల్లజాతి కుర్రాడు. తలుపు మూసిన గదిలో, ఒక్కరితోనే, 45-50 నిమిషాలు. 6 నెలల తర్వాత రికార్డులు చూస్తే, మామూలు సేవ అందుకున్నవాళ్లలో 50.4 శాతానికి మళ్లీ వ్యాధి సోకింది, వీళ్లలో 31.9 శాతానికే.

అంత తేడా ఎలా వచ్చింది? ‘వాడండి’ అని చెప్పి వదిలేయకుండా, ఎందుకు వాడటం లేదో అడిగారు. బిగుతైతే ఒరుసుకుంటుంది, వదులైతే జారిపోతుంది. రకరకాల కండోములు ముందుపెట్టి నచ్చింది ఎంచుకోమన్నారు. తప్పులు జరిగే చోట్లు ఎప్పుడూ ఉండేవే. కొసను వేళ్లతో నొక్కి గాలి తీయకపోవడం, సగంలో తొడగడం, పట్టు సడలాక బయటికి తీయడం, పర్సులో నెలల తరబడి దాచడం. వాజలిన్‌గానీ బేబీ ఆయిల్‌గానీ రాస్తే కండోమ్ రబ్బరు (లేటెక్స్) నిమిషాల్లో బలహీనపడుతుంది. నీటి ఆధారిత లూబ్రికెంట్ చేతికిస్తేనే ఆ తప్పు ఆగుతుంది.

మగవాళ్లను క్లినిక్‌కి రప్పించిన మరో మార్పు మూత్ర పరీక్ష. మూత్రనాళంలోకి పుల్ల దూర్చి నమూనా తీసే రోజుల్లో భయపడి రానివాళ్లు ఎందరో. ఇప్పుడు గంటసేపు మూత్రం ఆపుకొని, మొదటి ధార 20-30 మిల్లీలీటర్లు పట్టిస్తే చాలు. నడిమి ధార పట్టిస్తే క్రిములు పలచబడి ఫలితం తప్పవచ్చు.

అయితే ఏ కౌన్సెలింగైనా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. 9 క్లినిక్‌లలో 5,012 మందిపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, తక్షణ హెచ్‌ఐవీ పరీక్షకు జోడించిన కౌన్సెలింగ్ సుఖవ్యాధులను తగ్గించలేకపోయింది. 2012 నుంచి హెచ్‌ఐవీ నివారణకు ప్రెప్ మాత్ర కూడా ఉంది. కానీ గనేరియా, క్లమిడియా, సిఫిలిస్ లాంటి సుఖవ్యాధులను అది ఆపదు. కండోమ్ మాట చెప్పాల్సిందే.

చికిత్స అయిపోయిన 3 నెలలకు మళ్లీ పరీక్షకు రమ్మనడం ఇప్పటి పద్ధతి. భాగస్వామి మందు కూడా రోగి చేతికే ఇచ్చి పంపే మార్గాన్ని 2006లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ముందుకు తెచ్చింది. మందు వేసుకోని భాగస్వామి నుంచే క్లమిడియా మళ్లీ మళ్లీ అంటుకుంటుంది.