థైలేరియా పేరు వెనుక ఉన్న కుటుంబం

సంకరజాతి ఆవుకు తీవ్రమైన జ్వరం వచ్చి, మేత మానేసి, భుజం ముందున్న లింఫు గ్రంథి ఉబ్బితే మన పశువైద్యుడికి వెంటనే కలిగే అనుమానాల్లో థైలేరియాసిస్ ఒకటి. చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పలచగా పూసి, రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఎర్ర రక్తకణాల లోపల చిన్న చిన్న ఉంగరాల్లాగా, కామాల్లాగా పరాన్నజీవులు కనిపిస్తాయి. పిడుదుల ద్వారా, అంటే కొందరు గోమార్లనే పురుగుల ద్వారా, పశువులకు సోకే ఈ జీవుల ప్రజాతికి 1907లో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడి పేరు పెట్టారు.

థైలర్ 1867లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రిక్ గ్రామంలో పుట్టాడు. బెర్న్, జూరిక్ నగరాల్లో పశువైద్యం చదివి, 1891లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌కు వెళ్లి, ప్రిటోరియా దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో పనికి కుదిరాడు. అక్కడే ఒక యంత్రంలో పడి అతని ఎడమ చెయ్యి పోయింది. ఈనలేక అవస్థపడే ఆవు కడుపులోకి చెయ్యి పెట్టి దూడను సరిచేయవలసిన వృత్తిలో ఉన్నవాడికి ఇది ఎంత దెబ్బో పశువులున్న ఇంటివారికి వేరే చెప్పనక్కరలేదు. అయినా అతడు వృత్తిని వదలలేదు. 1893లో జోహానెస్‌బర్గ్ గనుల ప్రాంతంలో మశూచి వ్యాపించినప్పుడు, దూడల మీద టీకా పదార్థాన్ని తయారుచేసి ఇవ్వడంతో అతని పేరు నలుగురికీ తెలిసింది. అదే ఏడు స్వదేశం నుంచి వచ్చిన ఎమ్మాతో వివాహమైంది.

1896లో దక్షిణాఫ్రికా మీద ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి) విరుచుకుపడింది. ఆ ఏడాదే ప్రభుత్వ పశువైద్యుడిగా నియమితుడైన థైలర్, వాట్కిన్స్ పిచ్‌ఫర్డ్‌తో కలిసి, రోగం నుంచి కోలుకున్న పశువుల రక్తరసంతో మిగిలినవాటిని కాపాడే పద్ధతి మీద పనిచేశాడు. కానీ అప్పటికే మందలు మందలుగా పశువులు చచ్చిపోయాయి. బండి లాగడానికి ఎద్దు లేక, పాలకు ఆవు లేక కుదేలైన ప్రాంతాలకు ఆఫ్రికా తూర్పు తీరం నుంచి కొత్త పశువులను తోలుకొచ్చారు. వాటితోపాటే ఇంకో రోగం దిగింది.

1902లో బయటపడిన ఆ రోగాన్ని తరువాత తూర్పు తీర జ్వరం అన్నారు. దానిని మొదట, అక్కడివారికి ముందే తెలిసిన ఎర్రమూత్రపు వ్యాధిగా పొరబడ్డారు. క్షయ క్రిమిని కనిపెట్టిన అంతటి రాబర్ట్ కాక్‌ను పిలిపించినా, ఆయన సూచించిన టీకా పద్ధతి ఫలించలేదు. రక్తంలో కనిపించిన అతి చిన్న జీవి వేరే జాతిదని గుర్తించి, దానిని వర్ణించింది థైలర్. తరువాత థైలేరియా అని పేరుపడ్డ ఆ జీవి ప్రయాణించే దారిని మాత్రం అతడూ, కేప్ ప్రాంతపు కీటక శాస్త్రవేత్త చార్లెస్ లౌన్స్‌బరీ కలిసి విప్పారు. దానిని మోసే పిడుదు ఒక దశలో రోగిష్టి పశువు రక్తం తాగి కింద రాలిపోతుంది, గడ్డిలో కుబుసం విడుస్తుంది, తరువాతి దశలో మరో పశువును పట్టినప్పుడు రోగాన్ని అంటిస్తుంది. గుడ్ల ద్వారా పిల్లలకు మాత్రం ఆ రోగం చేరదు. కాబట్టి పశువులను తోలకుండా ఒక బీడును ఏడాదికి పైగా ఖాళీగా ఉంచితే అది శుభ్రపడుతుంది. కొద్ది రోజులకొకసారి పశువులను మందు నీటి తొట్టిలో ముంచి తీస్తే పిడుదు కడుపునిండా రక్తం తాగి రాలిపోయేలోగానే చస్తుంది. అప్పట్లో మందే లేని రోగాన్ని కంచెతోనూ తొట్టితోనూ కట్టడి చేయవచ్చని తేలడం, నా దృష్టిలో, థైలర్ తరం సాధించిన అసలు విజయం.

1908లో ప్రిటోరియా శివార్లలో మొదలైన ఆండర్‌స్టెపోర్ట్ పరిశోధనశాల అతని చేతుల మీదుగానే పెరిగింది. నీలి నాలుక వ్యాధికి గొర్రెలకు వేసే తొలి టీకాను థైలర్ రూపొందించాడు. మన గొర్రెల కాపర్లు మూతివాపు అనేది ఆ వ్యాధినే.

మరొక పరిశోధన ఇంకా ముచ్చటైనది. అక్కడ కొన్ని బీళ్లలో ఆవులు కాళ్లు చచ్చుబడి పడిపోయేవి. ఆ నేలలో, అందుచేత గడ్డిలో, భాస్వరం తక్కువ. ఆ లోటు తీరక ఆవులు బీళ్లలో పడి ఉన్న ఎముకలను నమిలేవి. కుళ్లిన కళేబరాల ఎముకలకు అంటుకుని ఉన్న, సూక్ష్మజీవులు పుట్టించే బొట్యులిజం విషం వాటిని చంపేది. ఎముకల పొడి మేతలో కలిపి పెడితే ఆవులు ఎముకల జోలికే పోలేదు. మన పల్లెల్లోనూ ఎముకనో గుడ్డపీలికనో నములుతూ నిలబడిన ఆవును చూసినవారున్నారు. అది దాని దుర్గుణం కాదు, ఒంట్లోని లోటు.

ఎమ్మా, ఆర్నాల్డ్‌లకు నలుగురు సంతానం. పెద్ద కొడుకు హాన్స్ తండ్రి వృత్తినే చేపట్టాడు. చిన్నవాడు మాక్స్ మనుషుల వైద్యం వైపు వెళ్లి, అమెరికాలో పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) మీద పనిచేస్తూ తానే ఆ జ్వరాన పడి కోలుకుని, 1937లో దానికి 17డి అనే టీకాను వెలువరించాడు. ఆర్నాల్డ్ అంతకు ముందటి ఏడే, 1936లో, స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు. 1951లో మాక్స్‌కు నోబెల్ బహుమతి దక్కింది. ఈ కుటుంబం గురించి రాసేవారు అక్కడితో ఆగిపోతారు కానీ, కూతురు గెర్ట్రూడ్‌ను వదిలేయడం అన్యాయం. తండ్రి కట్టిన ఆండర్‌స్టెపోర్ట్‌లోనే ఆమె దశాబ్దాల పాటు ఆఫ్రికా పిడుదులను జాతుల వారీగా వేరుచేస్తూ, ఏది ఏ పశువును పడుతుందో, ఏ ప్రాంతంలో బతుకుతుందో నమోదు చేస్తూ గడిపింది.