కిటికీలు మార్చడానికి కార్పొరేషన్ పర్మిషన్ కావాలా? అపోహలు - వాస్తవాలు

చెక్క కిటికీలకు చెద పట్టిందనో, ఇనుప కిటికీలు తుప్పు పట్టి రెక్కలు పడటం లేదనో వాటిని తీసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), అల్యూమినియం కిటికీలు పెట్టించుకునేవాళ్ళు కర్నూలు, అనంతపురం, కడపల్లో వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. పర్మిషన్ మాట వచ్చేసరికి ఒకరు "కిటికీకి కూడా పర్మిషనా" అంటారు, ఇంకొకరు "కార్పొరేషన్‌కు తెలిస్తే పని ఆపిస్తారు" అంటారు. ఈ రెండు మాటలనూ పక్కన పెట్టి ముందు ఒకటి చూసుకోండి: గోడలో ఉన్న ఓపెనింగ్ కొలతలు గానీ, చోటు గానీ మారుతున్నాయా? జవాబును బట్టే మిగతాదంతా ఉంటుంది.

అపోహ: ఏ కిటికీ మార్చినా ప్లాన్ పర్మిషన్ తీసుకోవాలి.

వాస్తవం: ఉన్న ఓపెనింగ్‌లోనే పాత చట్రం తీసి కొత్తది బిగిస్తే అది మరమ్మతు. దానికి ప్లాన్ అక్కర్లేదు. 2016 జాతీయ భవన కోడ్ రెండో భాగంలో పర్మిషన్ అవసరం లేని పనుల జాబితా ఉంది: కిటికీ, తలుపు, వెంటిలేటర్ తెరవడం లేదా మూయడం, గదుల మధ్య తలుపు పెట్టడం, పార్టిషన్, ఫాల్స్ సీలింగ్, సున్నం, పెయింటింగ్, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ మార్చడం వంటివి. మన రాష్ట్ర భవన నిబంధనలు 2017 మార్చి 28న 119 నంబరు జీవోగా వచ్చాయి. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎత్తు లాంటివి వాటి ప్రకారమే చూస్తారు.

ఉన్న కిటికీ చోట కిటికీ పెట్టడానికి "పర్మిషన్ ఖర్చు" అని ఎవరైనా డబ్బు అడిగితే రసీదు అడగండి. భవన అనుమతులు ఆన్‌లైన్‌లో ఏపీ డీపీఎంఎస్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా, లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి లాగిన్ నుంచి వెళ్తాయి. ప్రతి దరఖాస్తుకూ నంబరు ఉంటుంది, ఫీజు ఆ నంబరు మీదే కడతారు. నంబరు లేదంటే దరఖాస్తే లేదని అర్థం.

పని మొదలు పెట్టే ముందు టేపు పట్టి పాత కిటికీ ఫొటోలు లోపలి నుంచి, బయటి నుంచి తీసి పెట్టుకోండి. రేపు పొరుగువాళ్ళు ఫిర్యాదు చేస్తే ఓపెనింగ్ మారలేదని చూపడానికి ఆ ఫొటోలు, మంజూరైన ప్లాన్ చాలు. 2009 అక్టోబరు వరదలో కాగితాలు తడిసి పాడైపోయిన ఇళ్ళు కర్నూలులో ఉన్నాయి. అలాంటివాళ్ళు టౌన్ ప్లానింగ్ విభాగంలో ప్లాన్ నకలుకు ముందే అర్జీ పెట్టుకోవడం మంచిది. పాత ఫైలు వెతకడానికి సమయం పడుతుంది.

అపోహ: కోడ్‌లోనే మినహాయింపు ఉంది, కాబట్టి కిటికీని ఎంతైనా పెద్దది చేసుకోవచ్చు.

వాస్తవం: జనం ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. ఆ మినహాయింపుకు షరతు ఉంది. నిర్మాణ పటుత్వానికి, అగ్ని భద్రతకు, ఆరోగ్యానికి సంబంధించిన నిబంధనలు దెబ్బ తినకూడదు. బరువు మోసే గోడను కోస్తే ఆ షరతు దగ్గరే ఆగిపోతాం.

గోడ ఏ రకమో ముందు తేల్చుకోండి. కాలమ్‌లు, బీమ్‌లు ఉన్న ఇంట్లో గోడ మధ్యలో నింపిన ఇటుక మాత్రమే. అక్కడ కిటికీని కిందికి పెంచడం, అంటే సిల్ దించడం, అన్నింటికన్నా తేలిక. పైన ఉన్న బరువులో మార్పేమీ రాదు. కాకపోతే పై అంతస్తులో సిల్ రెండున్నర అడుగుల కన్నా దిగితే పిల్లలు పడకుండా లోపల గ్రిల్ తప్పనిసరి. పైకి పెంచడం మాత్రం వద్దు. లింటెల్ (కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డ దూలం), దాంతో కలిపి పోసిన సజ్జ ఒకే ముక్క. చాలా ఇళ్ళల్లో లింటెల్ గోడ చుట్టూ పట్టీలా తిరుగుతుంది. దాన్ని ఒకచోట కోస్తే పట్టీ మొత్తం తెగినట్టే.

పక్కలకు పెంచడంలో జరిగే పొరపాటు ఇది. పాత లింటెల్ రెండు వైపులా గోడ మీద ఆరు నుంచి తొమ్మిది అంగుళాలే కూర్చుని ఉంటుంది. నాలుగడుగుల కిటికీని ఆరడుగులు చేద్దామని చెరో అడుగు కోస్తే ఆ లింటెల్‌కు కూర్చునే చోటే ఉండదు. కొన్నాళ్ళు ప్లాస్టర్ పట్టుకుని నిలబెడుతుంది. తర్వాత కిటికీ పై మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వస్తాయి, కొత్త చట్రం మీద బరువు పడి స్లైడింగ్ రెక్కలు బిగుసుకుపోతాయి. అప్పుడు తప్పు కిటికీ కంపెనీదని గొడవ పడతారు.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. ముందు పైన స్లాబుకు జాకీలు పెట్టి బరువు దించాలి. కొత్త లింటెల్ కొలతలు, కమ్మీలు ఇంజనీరు రాసివ్వాలి. రెండు వైపులా కనీసం 150 మి.మీ. గోడ మీద కూర్చోవాలి. కాంక్రీటు పోశాక వారం రోజులు తడి ఆరకుండా నీళ్ళు పట్టాలి, జాకీలు రెండు వారాలు కదపకూడదు. గది మూల నుంచి కనీసం రెండడుగుల గోడ వదిలే ఓపెనింగ్ పెట్టాలి.

పాతబస్తీ మిద్దెల సంగతి పూర్తిగా వేరు. మట్టితో కట్టిన రాతి గోడకు లోపల ఒక వరుస, బయట ఒక వరుస రాళ్ళు ఉండి, నడుమ చిన్న గడ్డలు, మట్టి నింపి ఉంటాయి. అంచు కోయగానే నడుమ నింపింది జారడం మొదలవుతుంది. బేల్దారి ఎంత పనిమంతుడైనా కోసిన అంచును అదే రోజు సిమెంటుతో కట్టి మూయాలి. లింటెల్ గోడ మందమంతా రావాలి. బయటి వరుసకు కొత్త లింటెల్ వేసి, లోపల పాత కొయ్యనే వదిలేయడం ప్రమాదం. కడప బండ చవకగా దొరుకుతుందని దాన్నే లింటెల్‌గా వాడేవాళ్ళూ ఉన్నారు. పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి అది. సిల్‌కు, అల్మారా అరలకు చక్కగా పనికొస్తుంది. పైన గోడ, దూలాలు కూర్చుంటే హెచ్చరిక లేకుండా విరుగుతుంది. దూలం కొన కిటికీకి సరిగ్గా పైన ఉందేమో గది లోపల తల ఎత్తి చూడండి. ఉంటే ఆ కిటికీని పెంచే ఆలోచన మానుకోండి.

ఇలాంటి పనికి లైసెన్సు ఉన్న నిపుణుడితో డ్రాయింగ్ గీయించి, ఏపీ డీపీఎంఎస్‌లో పెట్టించాకే ముందుకు వెళ్ళండి. కావాల్సినవి ఆస్తి దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, పాత ప్లాన్, మార్పు చూపే డ్రాయింగ్, ఫొటోలు. మీ వార్డు ప్లానింగ్ కార్యదర్శితో ముందుగా మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా. కానీ నోటి మాట పర్మిషన్ కాదు. నోటీసు వస్తే అది ఇంటి యజమాని పేరు మీదే వస్తుంది.

అపోహ: కిటికీని గోడ బయటికి తోసి పెట్టుకుంటే గది పెరుగుతుంది, ఎవరూ అడగరు.

వాస్తవం: అడుగుతారు. ఇంటి చుట్టూ వదిలిన ఖాళీలోకి సజ్జ లాంటివి 0.75 మీటర్ల వరకే రావచ్చని జాతీయ కోడ్ చెబుతుంది. నేల నుంచి లేచిన పెట్టె కిటికీ, కూర్చునే అరుగున్న కిటికీ సజ్జ కిందికి రావు, కట్టడం కిందికి వస్తాయి. స్థలం హద్దు దాటి వీధి మీదికి వచ్చిన పెట్టె గ్రిల్ ఆక్రమణ. రెండు మూడు సెంట్ల స్థలాల్లో హద్దు మీదే గోడ ఉంటుంది. అక్కడ బయటికి తెరుచుకునే రెక్క కూడా పక్కవాళ్ళ స్థలంలోకే వెళ్తుంది. స్లైడింగే పెట్టండి.

అపోహ: మా గోడ మా ఇష్టం. ఒకసారి కిటికీ పెట్టామంటే పక్కవాళ్ళు అడ్డం కట్టకూడదు.

వాస్తవం: 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవాళ్ళ స్థలం మీద ఉండే వాడుక హక్కుల చట్టం) మన జిల్లాలకు మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ వర్తిస్తోంది. దాని 15వ సెక్షన్ ప్రకారం ఒక కిటికీ గుండా వెలుతురు, గాలి 20 ఏళ్ళు శాంతియుతంగా, ఆటంకం లేకుండా వాడుకుని ఉంటేనే హక్కు స్థిరపడుతుంది. నిన్న తెరిచిన కిటికీకి ఆ హక్కు లేదు. పక్కవాళ్ళు నిబంధనల ప్రకారం తమ స్థలంలో గోడ లేపితే మీ కిటికీ మూసుకుపోవాల్సిందే.

20 ఏళ్ళు దాటిన కిటికీ ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. హక్కు వచ్చేది అన్నేళ్ళూ ఆ ఓపెనింగ్ గుండా వచ్చినంత వెలుతురుకే. కిటికీని రెట్టింపు చేస్తే హక్కు రెట్టింపు కాదు. పాత కిటికీ మూసేసి వేరే చోట కొత్తది తెరిస్తే పాత కిటికీతో వచ్చిన హక్కు వాదన బలహీనపడుతుంది. అందుకే హద్దు గోడలో ఉన్న పాత కిటికీని అదే చోట, అదే కొలతలో మార్చండి. ఫొటోలు ఇక్కడ ఇంకా ముఖ్యం.

అదే చట్టం 18వ సెక్షన్ ఆచారం వల్ల వచ్చే హక్కులను గుర్తిస్తుంది. పక్కింటి వాళ్ళ మరుగుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదనే ఆచారం ఒక ఊళ్ళో ఉంటే దాన్ని గౌరవించాలని అక్కడి ఉదాహరణ చెబుతుంది. ఆచారం ఉందని రుజువు చేయాల్సింది వాళ్ళే. అయినా పక్కింటి పెరడు, స్నానాల గది కనిపించే చోట కిటికీ తెరిచేముందు ఒకసారి వెళ్ళి "వదినా, ఇక్కడ కిటికీ పెట్టుకుంటున్నాం, కింది అద్దం కనిపించకుండా గరుకుది వేయిస్తాం" అని చెప్పండి. కోర్టు మెట్లెక్కే అవసరం చాలాసార్లు ఆ మాటతోనే తప్పుతుంది. ఇక గోడ ఇద్దరి ఉమ్మడిదైతే వాళ్ళ రాతపూర్వక అంగీకారం లేకుండా మేకు కూడా దించొద్దు.

అపోహ: అద్దం పెద్దదైతే గాలి ఎక్కువ వస్తుంది.

వాస్తవం: పొడి వేడి ప్రాంతాల్లో గది వైశాల్యంలో కనీసం పదో వంతు కిటికీ ఓపెనింగ్ ఉండాలని జాతీయ కోడ్ చెబుతుంది. తలుపులు లెక్కలోకి రావు, తెరుచుకోని అద్దం కూడా రాదు. 12 అడుగులకు 10 అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు, కావాల్సింది 12. నాలుగడుగులకు నాలుగు ఉన్న పాత చెక్క కిటికీ రెక్కలు తెరిస్తే దాదాపు 16 చదరపు అడుగులూ గాలి వచ్చేది. దాని స్థానంలో రెండు రెక్కల స్లైడింగ్ పెడితే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, అంటే 8. పర్మిషన్ అవసరం లేని పనే, కానీ గది నిబంధన కిందికి దిగిపోయింది. దోమతెర రెక్క చేర్చి మూడు ట్రాకులు పెట్టినా తెర వేసినప్పుడు గాలి వచ్చేది ఆ సగమే. పడమటి గదికి రెక్కల కిటికీ, లేదంటే పైన విడిగా తెరుచుకునే వెంటిలేటర్ పెట్టండి. గవాచి (మిద్దె కప్పులోని వెలుతురు కన్నం) మూసేసి స్లాబు వేసిన గదులకు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి. ఆ గదికి ఇక మిగిలింది కిటికీ ఒక్కటే.

అపోహ: కార్పొరేషనో మున్సిపాలిటీయో అభ్యంతరం చెప్పకపోతే చాలు.

వాస్తవం: సిద్ధవటం కోట, గుత్తి కోట, తాడిపత్రిలోని బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 పురాతన కట్టడాల చట్టం, 2010 సవరణ ప్రకారం అక్కడ ఉన్న ఇంటి మరమ్మతుకు కూడా ఆ చట్టం కింద నియమించిన సమర్థ అధికారికి దరఖాస్తు చేయాలి. మున్సిపల్ కాగితం దీనికి బదులు కాదు.

కరెంటు తీగలదీ ఇంతే. 11 కేవీ లైను, ఇళ్ళకు వచ్చే మామూలు లైను, రెండూ ఇంటికి అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరంలో ఉండాలి. తీగ గోడకు 1.5 మీటర్ల దూరంలో ఉందనుకోండి, రెండడుగుల రెక్క బయటికి తెరిస్తే మిగిలేది 0.9 మీటర్లే. పాత వీధుల్లో పై అంతస్తు కిటికీకి ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం. పని రోజు లైను ఆపమని కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ముందే అర్జీ ఇవ్వండి. పొడవాటి అల్యూమినియం చట్రాన్ని వీధి వైపు నుంచి పైకి లాగనివ్వద్దు.

అపోహ: కొత్త కిటికీలు పెడితే ఇంటి పన్ను పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. పన్నుకు లెక్కలోకి వచ్చేవి వైశాల్యం, నిర్మాణ రకం, వాడకం, ప్రాంతం. బాల్కనీని కిటికీలతో మూసి గది చేస్తే మాత్రం అది వేరే సంగతి. దానికి ప్లాన్ కూడా కావాలి.

అపోహ: ఫ్లాట్ నాది, కిటికీ నాది.

వాస్తవం: బయటి గోడ అందరిదీ. సంఘం తీర్మానం, రంగు, డిజైన్ రాతలో తీసుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి.

అపోహ: అమెరికాలో కిటికీ మార్చడానికి కూడా పర్మిట్ అడుగుతారట, అంతా ఫీజుల కోసమే.

వాస్తవం: అక్కడ చాలా నగరాలు అడుగుతాయి, దానికి కారణం ఉంది. పడకగది కిటికీ మంటల్లో బయటపడే దారి. ఆ దేశపు నివాస భవన కోడ్ ప్రకారం అది తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి, 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తుకు తగ్గకూడదు, సిల్ నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. మన దగ్గర అడిగేవాళ్ళు లేకపోయినా మంట మంటే. ప్రతి పడకగదిలో ఒక కిటికీ గ్రిల్‌కు లోపలి నుంచి తెరుచుకునే రెక్క పెట్టించండి. తాళంచెవి పిల్లలకు కూడా తెలిసిన చోట ఉండాలి.

అపోహ: పర్మిషన్ వచ్చేలోపు కిటికీలు తయారుచేయించి పెట్టుకుంటే సమయం కలిసొస్తుంది.

వాస్తవం: డ్రాయింగ్‌లో అంగుళం మారినా ఆ డబ్బు పోయినట్టే. టఫెన్డ్ గ్లాసును తయారయ్యాక కోయలేరు. ఓపెనింగ్ పూర్తయి, ప్లాస్టర్ ఆరాక వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలవండి. అన్నింటిలో తక్కువది తీసుకుని చుట్టూ 5 మి.మీ. చొప్పున తగ్గించండి. మన ఎండకు యూపీవీసీ వ్యాకోచిస్తుంది, ఆ సందు లేకపోతే చట్రం వంగుతుంది. మూలల నుంచి 150 మి.మీ. దగ్గర ఒక బోల్టు, ఆ తర్వాత 600 మి.మీ.కు మించకుండా ఒక్కోటి పడాలి. కింది ట్రాకులో నీళ్ళు పోయే రంధ్రాలను మేస్త్రీలు సిమెంటుతో మూసేస్తుంటారు. సిలికాన్ పూసే ముందు మగ్గుతో నీళ్ళు పోసి బయటికి వెళ్తున్నాయో లేదో చూడండి. తీసిన గడ్డలు, అద్దం ముక్కలు కాలువలో వేయకుండా సంచుల్లో నింపి, కార్పొరేషన్ చూపిన చోటికి ఆటోలో పంపండి.