పాత స్పోర్ట్స్ కారులో ఓవర్‌ఛార్జింగ్: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో పాత స్పోర్ట్స్ కార్లు తక్కువే అయినా, ఉన్నవాటిని యజమానులు ప్రాణంగా చూసుకుంటారు. బ్యాటరీ అవసరానికి మించి ఛార్జ్ అయ్యే ఓవర్‌ఛార్జింగ్ సమస్యతో మా ఆటో ఎలక్ట్రికల్ షాపుకు వచ్చే కార్లలో చాలావాటికి బ్యాటరీ, ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పగా కరెంటు పుట్టించే యంత్రం) అప్పటికే మార్చి ఉంటారు. లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆల్టర్నేటర్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్, తన వరకు వచ్చిన వోల్టేజీని బట్టే పనిచేస్తుంది కనుక, బ్యాటరీకీ దానికీ మధ్య దారిలో వోల్టేజీ ఎక్కడ తగ్గుతోందో ముందుగా వెతకాలి.

అపోహ: ఎండాకాలంలో బ్యాటరీ నీళ్ళు తగ్గడం మామూలే.

వాస్తవం: రోహిణి కార్తెలో కొంత తగ్గే మాట నిజమే. కానీ తరచుగా డిస్టిల్డ్ వాటర్ పోయవలసి వస్తున్నా, మూతల చుట్టూ తడి చేరుతున్నా, కుళ్ళిన గుడ్డు వాసన వస్తున్నా అనుమానించవలసింది ఓవర్‌ఛార్జింగ్‌నే. అధిక వోల్టేజీకి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. ఆ దగ్గరలో నిప్పు ఉండకూడదు. ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎంలో ఉంచి, వోల్టేజీ కొలిచే మీటరు మొనలను తీగల క్లాంపులకు కాకుండా బ్యాటరీ సీసపు పోస్టులకే ఆనించి చూడాలి. సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 15 దాటితే ఓవర్‌ఛార్జింగ్ ఖాయం. బ్యాటరీ వేడెక్కేకొద్దీ దానికి కావలసిన వోల్టేజీ డిగ్రీకి సుమారు 20 నుంచి 30 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది కనుక, తెల్లవారుజామున సరిపోయిన 14.5 మిట్టమధ్యాహ్నం ఎక్కువవుతుంది. డిజిటల్ మీటరులోని 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతాయి. అందుకే ముందుగా దానిని మార్చి చూడడం మంచిది.

అపోహ: ఓవర్‌ఛార్జింగ్ అంటే రెగ్యులేటర్ పోయినట్టే.

వాస్తవం: కొన్నిసార్లు అంతే. అయితే రెగ్యులేటర్ విడిగా బాడీకి బిగించి ఉన్న పాత కార్లలో నేను మొదట చూసేది దాని ఎర్త్, అంటే కారు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌తో దానికుండే కలయిక. కొత్తపట్నం, మైపాడు వంటి తీర గ్రామాల ఉప్పుగాలికి బోల్టు కింద, పైకి కనిపించకుండా తుప్పు పడుతుంది. హెడ్‌లైట్లు వేసి, ఇంజన్ నడుస్తుండగా మీటరు ఎర్ర మొనను రెగ్యులేటర్ బాడీకి, నల్ల మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు ఆనిస్తే 0.1 వోల్టుకు మించకూడదు. అక్కడ 0.8 కనిపించిందంటే, తన దగ్గర 14.2 నిలబెట్టుకుంటున్నానన్న లెక్కతో రెగ్యులేటర్ బ్యాటరీకి 15 వోల్టులు పంపుతోందన్నమాట. బోల్టు విప్పి, కింద రేకు మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు (తీగ చివర ఉండే లోహపు కొన) వేసి బిగించి, పైన వాజలీన్ పూస్తే చాలాసార్లు పని అక్కడితో పూర్తవుతుంది. బ్యాటరీ వోల్టేజీని రెగ్యులేటర్‌కు తెలిపే సెన్స్ వైరులో, దారిలోని ఫ్యూజులో, ఇగ్నిషన్ స్విచ్‌లో వోల్టేజీ పడిపోయినా ఫలితం ఇదే. రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ లోపలే ఉండి, సెన్స్ వైరు లేని కార్లలో మాత్రం చెడ్డ ఎర్త్ వల్ల ఛార్జింగ్ తగ్గుతుంది. ఈ తేడా తెలియకపోతే వెతుకులాట దారి తప్పుతుంది.

అపోహ: మీటరు 14.2 చూపుతోంది కనుక ఓవర్‌ఛార్జింగ్ లేదు.

వాస్తవం: 12 వోల్టుల బ్యాటరీలో ఉండే ఆరు సెల్‌లలో (గదులలో) ఒకటి లోపల షార్ట్ అయితే, అదే 14.2 మిగిలిన ఐదింటి మీద పడి ఒక్కోదానికి 2.8 వోల్టులు దాటుతుంది. సుమారు 2.4 దగ్గరే గ్యాస్ మొదలవుతుంది. 1974 వరకు వచ్చిన ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో సీట్ల వెనుక రెండు 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటిగా కలిపి) ఉండేవి. వాటిలో ఒకదానిలో సెల్ షార్ట్ అయితే రెండోది ఉడికిపోతుంది. అటువంటి కారులో రెండింటినీ విడివిడిగా కొలవాలి.

అపోహ: ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటర్ వేస్తే బ్యాటరీ పాడవుతుంది.

వాస్తవం: వోల్టేజీ అదుపులో ఉన్నంతవరకు బ్యాటరీ తనకు కావలసినంత కరెంటే తీసుకుంటుంది.

అపోహ: డాష్‌బోర్డులో ఛార్జింగ్ దీపం వెలగలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: పాత కార్లలో ఆ దీపం ఛార్జింగ్ లేనప్పుడు వెలగడానికి పెట్టినది, ఎక్కువైనప్పుడు అది సాధారణంగా వెలగదు.

అపోహ: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసి చూస్తే ఆల్టర్నేటర్ సంగతి తేలిపోతుంది.

వాస్తవం: దయచేసి ఎవ్వరూ ఈ పని చేయవద్దు, మెకానిక్ చేస్తానన్నా ఆపండి. టెర్మినల్ ఊడిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఆల్టర్నేటర్ డయోడ్లను, రెగ్యులేటర్‌ను కాల్చివేయగలదు. అప్పటికే గ్యాస్ వదులుతున్న బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడితే అది పేలుతుంది కూడా. మీటరు చేతిలో ఉన్నప్పుడు ఏ తీగనూ విప్పనక్కరలేదు.