రియల్ టైమ్ డేటా టూల్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: రియల్ టైమ్ అన్నాక కాఫ్కా (ఈవెంట్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి నిరంతరం చేరవేసే టూల్) ఉండాల్సిందే.

వాస్తవం: ఎంత ఆలస్యమైతే ఎవరికి నష్టమో ముందు అడగండి. కార్డు మోసాన్ని ఆపాలంటే లావాదేవీ పూర్తయ్యేలోపే తెలియాలి. అమ్మకాల డాష్‌బోర్డును మేనేజర్ గారు పొద్దున ఒకసారి చూస్తారంతే. దానికి ఐదు నిమిషాలకోసారి నడిచే క్రాన్ జాబ్ చాలు. కాఫ్కా లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయింది. వాళ్ల లోడు వేరు, మన లోడు వేరు.

అపోహ: "అప్‌డేటెడ్ ఎట్" కాలమ్‌లో చివరి మార్పు సమయం చూసి కొత్త రికార్డులు లాగేస్తే సరిపోతుంది, సీడీసీ (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ పట్టి పంపే పద్ధతి) దండగ.

వాస్తవం: డిలీట్ అయిన రికార్డు టేబుల్లోనే ఉండదు, క్వెరీకి ఎలా దొరుకుతుంది? రెండు క్వెరీల మధ్య ఆర్డర్ స్టేటస్ మూడుసార్లు మారితే మీకు చివరిదే కనిపిస్తుంది. డెబీజియమ్ లాంటి సీడీసీ టూల్స్, ప్రతి మార్పూ నమోదయ్యే డేటాబేస్ లాగ్‌ను చదువుతాయి కాబట్టి ఈ మార్పులన్నీ దొరుకుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఆ లాగ్ పేరు వాల్, మైఎస్‌క్యూఎల్‌లో బిన్‌లాగ్.

అయితే పోస్ట్‌గ్రెస్‌లో ఒక మెలిక ఉంది. కనెక్టర్ (లాగ్‌ను చదివే డెబీజియమ్ భాగం) శుక్రవారం సాయంత్రం ఆగిపోయిందనుకోండి. అది చదవని లాగ్‌ను పోస్ట్‌గ్రెస్ పారేయదు, రెప్లికేషన్ స్లాట్ (కనెక్టర్ ఎక్కడిదాకా చదివిందో గుర్తుపెట్టుకునేది) కోసం దాస్తూనే ఉంటుంది. ట్రాఫిక్ ఎక్కువైతే సోమవారానికి డిస్కు నిండి, ఆర్డర్లు తీసుకునే అసలు డేటాబేసే పడిపోతుంది. 13వ వెర్షన్ నుంచి "మాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్" సెట్టింగ్ (ఎంత లాగ్ దాచాలో చెప్పేది) ఉంది కానీ డిఫాల్ట్‌గా దానికి పరిమితి ఉండదు. పరిమితి పెడితే డేటాబేస్ బతుకుతుంది. కనెక్టర్ మరీ వెనకబడితే మాత్రం స్లాట్ చెల్లదు, స్నాప్‌షాట్ (మొత్తం డేటా కాపీ) మళ్లీ మొదటి నుంచి తీయాలి. ఏది భరించగలరో ముందే తేల్చుకోండి. స్లాట్ మీద అలర్ట్ పెట్టని టీమ్‌కు నేనైతే సీడీసీ వద్దనే చెప్తాను.

అపోహ: "ఎగ్జాక్ట్‌లీ వన్స్" హామీ (ప్రతి ఈవెంటూ సరిగ్గా ఒక్కసారే ప్రాసెస్ అవుతుందని) కాఫ్కాలో ఉంది, ఇక డూప్లికేట్ల టెన్షన్ లేదు.

వాస్తవం: 2017లో కాఫ్కా 0.11 వెర్షన్‌తో వచ్చిన ఆ హామీ, కాఫ్కాలో చదివి కాఫ్కాలోనే రాసినంతవరకే. మధ్యలో ఎస్ఎంఎస్ గేట్‌వేను పిలిచారా, రీట్రైలో కస్టమర్‌కు రెండు మెసేజ్‌లు వెళ్లొచ్చు. డేటాబేస్‌లోకి రాసేటప్పుడు ఆర్డర్ ఐడీ మీద అప్‌సర్ట్ (ఉంటే మార్చడం, లేకపోతే చేర్చడం) చేయండి. చాలా కేసుల్లో అంతకు మించి అక్కర్లేదు.

అపోహ: వచ్చే డేటాను ప్రాసెస్ చేసే టూల్స్‌లో ఫ్లింక్ స్పీడెక్కువ కాబట్టి స్పార్క్ పనికిరాదు.

వాస్తవం: స్పార్క్ స్ట్రక్చర్డ్ స్ట్రీమింగ్ మామూలుగా మైక్రో బ్యాచ్‌లలో (చిన్న చిన్న గుంపులుగా) నడుస్తుంది, ఫ్లింక్ ప్రతి ఈవెంట్‌నూ రాగానే తీసుకుంటుంది. కొన్ని సెకన్ల ఆలస్యం ఫర్వాలేదనుకుంటే, టీమ్‌కు స్పార్క్ వస్తే, స్పార్కే తీసుకోండి. చెక్‌పాయింట్ (టూల్ మధ్యమధ్యలో తన స్థితిని సేవ్ చేసుకోవడం) ఫెయిలైతే రాత్రి రెండింటికి లేచేది బెంచ్‌మార్క్ రాసినవాళ్లు కాదు కదా!

అపోహ: కాఫ్కా అంటే జూకీపర్ (కాఫ్కా సర్వర్లను సమన్వయం చేసే వేరే సాఫ్ట్‌వేర్) కూడా మోయాలి.

వాస్తవం: 2025లో వచ్చిన కాఫ్కా 4.0లో జూకీపర్ లేదు. పాత ట్యుటోరియల్ మూసేయండి.

అపోహ: లోడు పెరిగితే కన్స్యూమర్లు (కాఫ్కా నుంచి ఈవెంట్లు చదివే ప్రోగ్రాములు) పెంచుకుంటూ పోవచ్చు.

వాస్తవం: ఒక కన్స్యూమర్ గ్రూపులో పార్టిషన్ల (టాపిక్ అనే ఈవెంట్ల వరసను విడగొట్టిన భాగాలు) సంఖ్యను మించిన కన్స్యూమర్లు ఖాళీగా కూర్చుంటాయి. పార్టిషన్లు తర్వాత పెంచుకోవచ్చు కానీ, అప్పటినుంచి అదే కీ (ఆర్డర్ ఐడీ లాంటిది) వేరే పార్టిషన్‌కు వెళ్లొచ్చు. ఒకే ఆర్డర్ పాత ఈవెంట్లు ఒకచోట, కొత్తవి ఇంకోచోట పడితే వరస తప్పుతుంది. అందుకే ఆ లెక్క టాపిక్ తయారుచేసే రోజే, కాస్త ఎక్కువే వేసుకోండి.